ఆరు దారులూ కలిసే మెట్ట

ఎల్లాజీ తన సొంత జీడితోటలోకి కంచె కింద నుంచి పాక్కుంటూ వెళ్లడం నేను కళ్లారా చూశాను. యాభై ఏళ్ల మనిషి. పొట్ట ఇసుకకి ఆనించి, ముళ్లతీగని ఒక చేత్తో ఎత్తిపట్టి, అవతలికి వెళ్లి లేచి చొక్కా దులుపుకున్నాడు. కాపలావాడు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కంచె గీతని కాగితం మీద గీసింది నేనే.

మీలో కొందరు పోర్టులో మూటలు మోస్తున్నారు, కొందరు ఫర్నేసు ముందు మాడుతున్నారు, కొందరు పాలిటెక్నిక్‌లో నాలాగే గీతలు గీయడం నేర్చుకుంటున్నారు. మనం గీసే గీత ఎవరి మీద పడుతుందో మనకెవరూ చెప్పరు. నాకు తెలియడానికి ఏడాది పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఈ కథ చెబుతున్నాను.

నా పేరు మోహనకృష్ణ. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో మా నాన్న కోనసీమ నుంచి ఇక్కడికి వచ్చాడు. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి, ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మేడ మీద గది తీసుకున్నాను. కోనసీమ వెళ్తే నన్ను వైజాగ్ వాడంటారు. వైజాగ్‌లో నా మాట వినగానే, గోదావరోళ్లా అంటారు. ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండానే గడిచిపోయేవి.

అది తొంభై తొమ్మిది. భీమిలి వైపు సముద్రం ఒడ్డున, చిన్నరేవు అనే జాలర్ల ఊరి పక్కన గోల్ఫ్ మైదానం కట్టే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. ప్లాను వేసేవాడు జయంత్, బెంగళూరు మనిషి. చెడ్డవాడని చెప్పలేను. తన పని మీద పిచ్చి ప్రేమ, అంతే.

"మామూలు మైదానానికి ఒకటే దారి మోహన్. మొదటి గుంత దగ్గర మొదలుపెట్టి చివరి గుంత దాకా వరసగా ఆడాలి. నా దాంట్లో దారులు ఆరు. ఉన్న గుంతల్నే ఒకరోజు ఇటు నుంచి ఆడొచ్చు, ఒకరోజు అటు నుంచి. ఒకే నేల, ఆరు ఆటలు. మధ్యలో ఒక ముక్క దొరక్కపోయినా ఆట ఆగదు," అనేవాడు.

ఆ చివరి మాటని మా మేనేజరు గురునాథరావు గట్టిగా పట్టుకున్నాడు.

ఎల్లాజీ తోట ఇవ్వనన్నాడు. గురునాథరావు బతిమాలలేదు, బెదిరించనూ లేదు. "నీ తోట మాకు అక్కర్లేదు బాబూ, ఉంచుకో," అన్నాడు. నేను ఇంకో దారి గీశాను. చుట్టుపక్కల వాళ్లు ఇచ్చేశారు. కంచె మూడు వైపులా వచ్చింది, తర్వాత నాలుగో వైపూ వచ్చింది. మూడు నెలలు పాక్కుంటూ వెళ్లి, ఎల్లాజీ కూడా వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత ఇంకొకరు కాదన్నారు. మళ్లీ అక్కర్లేదన్నాడు. మళ్లీ నేను గీశాను. ఒక్కొక్కరూ కాదన్నారు, ఒక్కొక్కరినీ పక్కన పెట్టి ఆట ముందుకు పోయింది.

చివరికి మిగిలింది ముసలమ్మ. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుకమెట్ట మీద చేపలు ఎండబెట్టుకునే మనిషి. భర్త వేటకి వెళ్లి తిరిగి రాలేదు, పిల్లలు లేరు. ఊరుమ్మడిదైన ఆ మెట్టని వదులుకుంటూ ఒక్కరూ మిగలకుండా వేలిముద్రలు వేస్తే కుర్రాళ్లకి ఉద్యోగాలిస్తామని గురునాథరావు ఆశపెట్టాడు. అందరూ వేశారు. ఆవిడ వేయలేదు. ఆ రోజు నుంచి ఊరు ఆవిడతో మాట మానేసింది. కొలతలు తీసి ఎర్రగుడ్డ జెండాలు పాతడానికి నేను వెళ్లినప్పుడల్లా ఆవిడ ఒక్కతే మెట్ట మీద గొంతుక్కూర్చుని చేపలు తిరగేస్తూ ఉండేది. మేమిద్దరం ఎన్నిసార్లో ఒకరినొకరు చూసుకున్నాం. పలకరించుకోలేదు. నాకు సిగ్గు.

భూమిపూజకి వారం ముందు, ఒక మధ్యాహ్నం, ఆరు దారుల ట్రేసింగ్ కాగితాల్నీ సరిచూడమన్నాడు జయంత్. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. ఎండ కాగితాల్లోంచి వచ్చింది. గీతలన్నీ ఎటెటో పోతున్నాయి. ఒక్కచోట మాత్రం ఆరు కాగితాల సిరా కలిసి నల్లగా ముద్దకట్టింది. ఏ దారిన ఆడినా బంతి అక్కడి నుంచి పోవాల్సిందే.

అది ముసలమ్మ మెట్ట. దాన్ని తప్పించి ఏడో దారి గీయడానికి సాయంత్రం దాకా కూర్చున్నాను. కుదరలేదు. ఆ కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని, సర్వే కర్ర భుజాన వేసుకుని, మర్నాడు పొద్దున్నే చిన్నరేవు బస్సెక్కాను. ఉద్యోగం అక్కడితో సరి.

వలలు అల్లే పాక దగ్గర జనం మూగారు.

"ఏటి, మల్లీ ఏ జెండా పాతడానికొచ్చినావ్?" అంది ఈశ్వరి, ఎల్లాజీ భార్య. "నువ్వు ఆల్ల మనిసివి. నీ మాట మాకెందుకు?"

"నేను పాతిన జెండాలు మీరెందుకు పీకలేదు?" అన్నాను. ఏడాదిగా నన్ను తొలిచే ప్రశ్న అది.

ఎల్లాజీ తల దించుకున్నాడు. "సముద్రంలో ఒకడి వల మీద జెండా తేల్తంటే ఇంకోడు ఆ పక్కకెల్డు బాబూ. జెండా ఉందంటే దానికో మనిసున్నాడని. అది మా కట్టు. మీరు ఎర్రగుడ్డలు పాతీసరికి ఏదో అక్కు ఉండే పాతినారనుకున్నాం."

"ఏ హక్కూ లేదు. కంపెనీ కర్రలిచ్చింది, నేను పాతాను."

నేను కాగితాలు విప్పాను. నలుగురు మగవాళ్లు నాలుగు మూలలూ పట్టుకుని ఎండకి ఎత్తారు. వేలితో నల్లముద్ద చూపించాను.

"మిమ్మల్ని ఒక్కొక్కర్నీ అక్కర్లేదన్నారు. ఇది లేకపోతే మాత్రం ఒక్క దారీ లేదు."

ఈశ్వరి దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. "ఇది ముసలమ్మత్త మెట్ట కాదేటి?"

"అయితే మన కుర్రోల్ల ఉద్యోగాలో?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"ఏం ఉద్యోగంరా?" ఈశ్వరి గిర్రున తిరిగింది. "ఆల్ల కర్రల సంచి మొయ్యడం! మన రేవుకి మనం ఎల్లడానికి ఆల్లని అడగాల. అదా నీకు కావాల్సింది?"

వాదన పొద్దు నడినెత్తికి వచ్చేదాకా సాగింది. తిట్టుకున్నారు, ఒకరిద్దరు చొక్కాలు పట్టుకున్నారు. చివరికి ఎల్లాజీ ఇంటికెళ్లి, తన వల జెండా తెచ్చుకున్నాడు. వెదురు కర్ర, కొసన నల్లగుడ్డ. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక ఊరు.

మెట్ట దగ్గర ముసలమ్మ లేవలేదు.

"అత్తా, ఇక్కడ జెండా పాతుకోమంటావా?" అన్నాడు ఎల్లాజీ.

"ఆర్నెల్లు!" అందావిడ. "ఆర్నెల్లు నాతో ఒక్కలు మాటాడినార్రా? జరమొచ్చి పడుంటే గంజినీల్లిచ్చినోల్లు లేరు. సేపలతో మాటాడుకున్నాను. ఇప్పుడు నా మెట్ట కావాలొచ్చిందేటి?"

ఈశ్వరి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని చేపలు తిరగెయ్యడం మొదలెట్టింది. ఒక వరస అయింది. రెండో వరస అయింది. ముసలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సేపలు తొక్కకండి. పక్కన పాతుకోండి," అంది.

భూమిపూజ రోజున మెట్ట మీద నలభై మూడు జెండాలున్నాయి. ఇంటికొకటి. పొద్దున్నే మూడు పోలీసు వ్యాన్లూ ఒక బుల్డోజరూ వచ్చాయి. గురునాథరావు చేతి మైకులో, ఎవరికి వారు విడిగా వస్తే మాట్లాడుకుందాం అన్నాడు.

"ఎవులికాల్లం రాం! అందరం ఒకేపాలి వత్తాం!" అని ఎల్లాజీ అరిచాడు. ఊరంతా ఆ మాటే అందుకుంది.

లాఠీలు లేచాయి. ఈడ్చుకుపోయి వ్యాన్లలో కుక్కారు. నన్నూ ఎక్కించారు. కానీ ఎస్సై నా బూట్లు చూసి, గురునాథరావు వైపు తిరిగి ఏదో అడిగి, చెయ్యి పట్టి కిందకి దించేశాడు.

"మీరు ఆఫీసు మనిషంట కదా. ఇంటికెళ్లండి సార్."

బతిమాలాను. నన్నూ పట్టుకెళ్లమని అరిచాను. తలుపు వేసేశారు. జైలుకి కూడా పనికిరాని మనిషినయ్యానని ఏడుపొచ్చింది.

వ్యాను కదులుతుంటే ఊచల్లోంచి ముసలమ్మ మొహం కనిపించింది. నుదురు చిట్లి రక్తం కారుతోంది.

"బాబూ! సేపలు! ఎండెక్కీసరికి రెండో పక్క తిరగెయ్యి, పాడైపోతాయి!"

బుల్డోజరు మెట్ట కిందే ఉంది. డ్రైవరు సబ్బవరం వైపు మనిషి. జెండాలు చూస్తూ బీడీ కాల్చుకుంటున్నాడు, ఇంజను మాత్రం ఆపలేదు. నేను నా సర్వే కర్ర తీసుకెళ్లి, ఎరుపూ తెలుపూ పట్టీలు అతనికి కనబడేలా, జెండాల ముందు పాతాను. అంతకుముందు వందసార్లు అదే కర్ర పాతాను, ఎవరో చెప్పిన చోట.

తర్వాత కూర్చుని చేపలు తిరగేశాను. పక్కన మనిషి లేడు. కిందనున్న ఇళ్లలో పొయ్యి వెలగలేదు. సముద్రం హోరూ ఇంజను మోతా తప్ప ఏమీ వినబడలేదు. ముసలమ్మ ఆరు నెలలు ఎలా గడిపిందో ఆ గంటలో తెలిసింది. భయమేసింది, అయినా వరస తప్పకుండా తిరగేశాను.

మూడో వరసలో ఉండగా ఇంజను ఆగింది. తలెత్తి చూశాను. కబురందినట్టుంది, ఉత్తరం వైపు ఒడ్డమ్మట పక్క పాలెం ఆడవాళ్లు వస్తున్నారు. భుజాల మీద వెదురు కర్రలు, కొసన నల్లగుడ్డలు. ఎంతమందో లెక్కకి అందలేదు.

ముందొచ్చినావిడ మెట్ట ఎక్కి, జెండా పాతబోయి, నా కర్ర చూసి ఆగింది.

"ఇదెవులిది?"

"నాదేనమ్మా," అన్నాను.

ఆవిడ ఒక అడుగు పక్కకి జరిగి తన జెండా పాతింది.