నోలాకి చెప్పే కబుర్లు

చర్చి కొన్నానని చెబితే మా అక్క ఫోన్లో పడీ పడీ నవ్వింది. "నువ్వా? పెళ్ళికి తప్ప ఆ గడప తొక్కనిదానివి!" అంది. నిజమే. కానీ మా ఆయన రాస్ నన్ను వదిలేసి వెళ్ళాక హోబార్ట్‌లో మా ఇంటికి గదులు ఎక్కువైపోయాయి. ఏ గదిలో కూర్చున్నా పక్క గదిలో మనిషి లేడని గుర్తొచ్చేది. గ్లెన్ మోరా అనే పల్లెలో ఈ చర్చికి జనం రావడం మానేశారని చర్చి పెద్దలు అమ్మకానికి పెట్టారు. లోపలంతా ఒకటే పెద్ద గది. అది చూసే కొనేశాను.

బలిపీఠం ఉండే చోట మంచం వేసుకున్నాను. పొద్దుటి ఎండ పడేది అక్కడే మరి. బెంచీలు రెండు ఉంచుకుని మిగతావి పంపించేశాను. నీళ్ళ కుళాయి ఉన్నది పాదిరిగారు అంగీ తొడుక్కునే చిన్న గదిలో కాబట్టి వంటిల్లు అక్కడ పెట్టక తప్పలేదు. పొయ్యి మీది పొగ పోవడానికి పనివాళ్ళు రాతి గోడకి కన్నం వేసి గొట్టం బిగించారు. సరిగ్గా దాని అవతలే, గోడని ఆనుకున్నట్టుగా, నోలా హాడ్లీ సమాధి ఉంది. స్థలం నాదే అయినా, సమాధుల దగ్గరికి వాళ్ళ వాళ్ళు ఎప్పుడైనా రావచ్చని అమ్మేటప్పుడే షరతు పెట్టారు.

ఊళ్ళో ఎవరూ నాతో పోట్లాటకి రాలేదు. వచ్చినా బాగుండేది, మాటలన్నా కలిసేవి. కొట్టు నడిపే బెవ్ మాత్రం, "ఏమ్మా, దేవుడి గదిలో నిద్ర పడుతోందా? కలలోకొచ్చి అద్దె అడగట్లేదా?" అనేది. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేసి పాలడబ్బా పట్టుకుని వచ్చేసేదాన్ని. కొన్ని వారాల్లో నేను మనిషితో మాట్లాడింది మొత్తం అంతే.

నోలా భర్త క్లెమ్ ప్రతి ఆదివారం, ఒకప్పుడు ప్రార్థన మొదలయ్యే వేళకి, ఇస్త్రీ చొక్కా వేసుకుని సమాధి దగ్గరికి వచ్చేవాడు. చర్చి బాగోగులన్నీ ఏళ్ళ తరబడి ఆయనే చూశాడట. నేను ఎదురుపడితే టోపీ అంచు తాకి మొహం తిప్పుకునేవాడు. ఆయన దృష్టిలో నేను చర్చిని మింగిన దాన్ని.

గొట్టం బిగించాక మొదటి ఆదివారం గుడ్డు వేయించుకుంటుంటే గొట్టంలోంచి గొంతు వినిపించింది. పక్కనే నిలబడి మాట్లాడుతున్నంత స్పష్టంగా ఉంది.

"ఏమే నోలా, చలేస్తోందా? నాకైతే మోకాళ్ళు కదలట్లేదనుకో. విను, కబుర్లు బోలెడున్నాయి. మెర్వ్ గాడు మళ్ళీ కంచె మనవైపు జరిపాడు. అదేంట్రా అంటే వాలబీలు తోశాయంటాడు. ఆ పొట్టి కంగారూలు గడ్డపార పట్టుకొస్తాయిటే?"

గుడ్డు మాడిపోతున్నా కదలకుండా విన్నాను. ఆయన చెవులు కాస్త మందం, అందుకే గొంతు పెద్దది. ఆ వంటగది కిటికీ తెరుచుకోకుండా మేకులు కొట్టి రంగు పూసింది కూడా ఆయనే కాబట్టి మాట లోపలికి రాదని ధీమా. చాటుగా వినడం తప్పేనని తెలుసు. తెలిసీ మరుసటి ఆదివారం పొయ్యి వెలిగించకుండా గొట్టం కింద నిలబడ్డాను.

మరో ఆదివారం నా సంగతీ వచ్చింది.

"మన చర్చి కొన్నావిడ లేదూ, నిలబడే తింటుందే. ముందువైపు పెద్ద కిటికీలోంచి చూశా. గుర్రాలు తిన్నట్టు. ఓ కుర్చీ కొనుక్కుంటే ఏం పోయింది? మనిషి చిక్కిపోయింది పాపం."

ఆ పూట బెంచీ లాక్కుని, కూర్చుని తిన్నాను. నేను చిక్కానని గమనించిన మనిషి ఈ లోకంలో ఒకరున్నారన్నమాట. తింటూ కాస్త ఏడ్చాను కూడా. అప్పటినుంచి సోమవారం వచ్చిందంటే ఆదివారం కోసం ఎదురుచూడడమే నా పని. ఎప్పటికైనా ఆయన గోడకి ఇవతలికొచ్చి, ఆ గొంతుతో నాతోనే మాట్లాడితే చాలనిపించేది.

చలికాలం మొదట్లో ఒకరోజు క్లెమ్ గొంతు దిగులుగా ఉంది.

"నిన్న నా పుట్టినరోజు కదే. సముద్రపు ఆల్చిప్పల మాంసం తెచ్చి, నీలా స్కాలప్ పై చేద్దామని కూర్చున్నా. కూరపొడి ఎంతెయ్యాలో తెలిసి చస్తేగా! సగం డబ్బా గుమ్మరించా. తీరా చూస్తే జిగురు. కుక్కకి పెడితే అది వాసన చూసి, నా మొహంకేసి చూసి, పోయి పడుకుంది."

నవ్వాడు. ఆ వెంటనే ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ఆ వారమంతా నాకు అదే ధ్యాస. స్కాలప్ పై రెండుసార్లు చేసి చూసుకుని, ఆదివారం మూడోది వేడివేడిగా పట్టుకుని బయటికి వెళ్ళాను.

"క్లెమ్ గారూ, మీకోసం చేశాను. కూరపొడి తక్కువే వేశాలెండి. ఈసారి కుక్కని బతిమాలక్కర్లేదు."

ఆ మాట పొద్దుటినుంచీ మనసులో అనుకుని అనుకుని మురిసిపోయాను. ఆయన నవ్వలేదు.

"కుక్క సంగతి నీకెవరు చెప్పారు?"

క్లెమ్ కిటికీ వైపు చూశాడు. మేకులు మేకుల్లాగే ఉన్నాయి. ఆయన చూపు గోడ వెంట జరుగుతూ వచ్చి గొట్టం దగ్గర ఆగింది. వంగి చెవి పెట్టాడు. లోపల నేను ఆపకుండా వదిలేసిన రేడియో వినపడే ఉంటుంది.

"ఇందులోంచా?"

"అవునండీ."

"మొదట్నుంచీనా?"

అవునని తలూపాను. ఆయన మెడ ఎర్రబడింది. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"అవి దానికి చెప్పుకున్నవమ్మా," అన్నాడు మెల్లగా. కాదంటే మర్యాద కాదని గిన్నె అందుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు కడిగిన గిన్నె నా గుమ్మంలో ఉంది.

తరవాతి ఆదివారం ఆయన వచ్చి ఊరికే నిలబడ్డాడు. నోరు తెరిచాడు, గొట్టం వైపు చూశాడు, మూసుకున్నాడు. కాసేపటికే వెళ్ళిపోయాడు. ఆ పై వారమూ అంతే. గొట్టంలో గుడ్డలు కుక్కాను. కుక్కానని వెళ్ళి చెప్పినా ఆయన నమ్మాలిగా! లోపల నేనున్నంతకాలం ఆ గోడకి చెవులున్నట్టే. నా నోటి దురద వల్ల ముసలాయనకి పెళ్ళాంతో మాట్లాడుకునే చోటు లేకుండా పోయింది. నా ఒంటరితనం నాకు అలవాటే. ఆయన్ని అలా చూడడం మాత్రం నావల్ల కాలేదు.

ఆ తరవాతి ఆదివారం ఆయన బండి వచ్చి ఆగేదాకా ఉండి, కోటు వేసుకుని, తాళాలు చప్పుడు చేసుకుంటూ బయటికొచ్చాను.

"ఎక్కడికమ్మా ఈ మంచులో?" అన్నాడు.

"లాన్‌సెస్టన్ పట్నానికి. మధ్యాహ్నం దాకా రాను. ఇకనుంచి ఆదివారం ఆదివారం వెళ్తాను."

నన్ను చూశాడు, కారుని చూశాడు. ఆయనకి అర్థమైంది.

"మలుపు దగ్గర మంచు గట్టిపడి ఉంటుంది. నెమ్మదిగా పో."

గేటు దాటాక అద్దంలో చూశాను. ఆయన టోపీ తీసి, నా కారు రోడ్డెక్కేదాకా ఆగి, సమాధి రాతి పక్కన కూలబడ్డాడు. చేతులు కదులుతున్నాయి.

లాన్‌సెస్టన్‌లో నాకెవరూ లేరు. వంతెన దాటి, నది ఒడ్డున కారు ఆపి, అద్దాలు ఎత్తుకుని ఫ్లాస్కులో టీ తాగుతాను. ఈపాటికి కబుర్లు సగం అయ్యుంటాయనుకుంటాను. అందులో నా ఊసు ఉందో లేదో తెలిసే దారి లేదు. ఎంత చలేసినా మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటాను. ముందే ఇంటికి వెళితే ఆయన మాట మధ్యలో ఆగిపోతుంది.