ఎడమ కన్ను గడి

ఫోటో చూసి పెద్ద బొమ్మ వేయాలంటే గళ్లు గీసిన అద్దాన్ని దాని మీద పెట్టుకోవాలి, ఫోటోను మాత్రం ముట్టుకోకూడదు. ఈ సంగతి కృపారాణికి తెలుసు. వచ్చే నెల డ్రాయింగ్ హయ్యర్ పరీక్షకు కూర్చోబోయే పిల్లకు ఆ మాత్రం తెలియదా! తెలిసి కూడా ఆ ఆదివారం పొద్దున, యూనివర్సిటీ హాస్టల్ గదిలో స్కేలు పెట్టి, భారతమ్మ మొగుడి ఫోటో మీద బాల్‌పెన్నుతో నేరుగా గళ్లు కొట్టేసింది.

పాడు అలవాటు! ఆమె చెయ్యి తిరిగింది తార్నాకలో, సత్తయ్య బ్యానర్ల దుకాణంలో. తొంభై ఆరు ఎన్నికలప్పుడు అక్కడికి లీడర్ల ఫోటోలు కట్టలకు కట్టలు వచ్చిపడేవి. ఒక్కడూ తిరిగి అడగలేదు. ఫోటో మీద పెన్నుతో చిన్న గళ్లు, గుడ్డ మీద బొగ్గుతో పెద్ద గళ్లు. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి దించడం, పనయ్యాక ఫోటోను చెత్తలో పారేయడం. సెలవు రోజుల్లో ఆమె నేర్చుకున్నది అదే.

ఇది లీడరు ఫోటో కాదు కదా. హాస్టల్ మెస్సులో చపాతీలు చేసే భారతమ్మ, మాణికేశ్వర్ నగర్‌లోని తన ఇంటి నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చింది. "చంద్రయ్య పోయి పదకొండేండ్లాయె బిడ్డా. ఇదొక్కటే ఉన్నది. జర పెద్దగ గీసియ్యి, గోడకు పెట్టుకుంట" అని చేతిలో పెట్టింది.

మందపాటి కాట్రిడ్జ్ పేపరు మీద జుట్టు, నుదురు, కుడి కన్ను, ముక్కు వచ్చేశాయి. ఎడమ కన్ను గడి దగ్గర పెన్సిల్ ఆగింది. పెన్ను గీత సరిగ్గా కంటి మీదుగా పోయింది. కింద ఏముందో కనబడటం లేదు. అప్పుడు తెలిసొచ్చింది కృపారాణికి, తాను చేసిందేమిటో. పై ప్రాణాలు పైనే పోయాయి.

పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. పోలేదు. దూది స్పిరిట్‌లో ముంచి అద్దింది. నీలం ఇంకా పాకింది. భయం పట్టినవాళ్లకు ఆగడం ఎక్కడ చేతనవుతుంది? ఇంకు చెరిపే గరుకు రబ్బరు తీసి గట్టిగా రుద్దేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, గీతతో పాటు పైపొర కూడా లేచొచ్చింది. కన్ను ఉన్నచోట తెల్ల కాగితం మిగిలింది.

ఆ కన్ను ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. ఒక్క ముక్క రాలేదు. గళ్లు చూసింది గానీ మనిషి ముఖం చూసిందెప్పుడు!

రెండు గంటలకు మెస్సు పని ముగించుకుని భారతమ్మ వస్తుంది. పదకొండయింది. ఫోటో కవరులో పెట్టుకుని పరుగులాంటి నడకతో కృపారాణి తార్నాకలో సత్తయ్య దుకాణం చేరింది.

"ఒక్కటే ఫోటో మీద పెన్ను పెడ్తరా చెల్లె? దిమాగ్ ఉన్నదా?" అన్నాడు సత్తయ్య, అది నేర్పింది తానే అయినా. ఆమె ముఖం చూసి మెత్తబడ్డాడు. "పరేషాన్ గాకు. కుడి కన్నును ట్రేసింగ్ పేపర్ల ఎత్తి, తిరగేసి ఎడమల దించు. సిమెట్రీ! ఎవరు గుర్తుపడ్తరు?"

"ఆమె ఆయన పెండ్లాం గద అన్నా."

సత్తయ్య బ్రష్షును కిరసనాయిల్లో ముంచాడు.

వేరే దారి లేదు. గదికొచ్చి కుడి కన్నును తిరగేసి దించింది. చార్‌కోల్‌తో షేడింగ్ వేసింది, రెండు కనుపాపల్లో వెలుగు చుక్కలు వదిలింది. బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది. అంత బాగా కుదరడం చూసి ఆమెకు ఇంకా భయమేసింది. వరండాలో ఎవరి చెప్పుల చప్పుడైనా తలుపు వైపు చూసింది.

భారతమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది.

"నొసలు ఆయనదే. ముక్కు ఆయనదే." బొమ్మకు దగ్గరగా వంగింది. "గని గీయనెవరు బిడ్డా?"

ఫోటోలో అట్లనే ఉన్నదమ్మా అని అనేద్దామనుకుంది కృపారాణి. కానీ ఫోటో తీసి భారతమ్మ చేతిలో పెట్టేసింది. "నేనే ఖరాబు చేసిన. తిట్టమ్మా, కొట్టమ్మా!" అని భోరుమంది.

భారతమ్మ తిట్టలేదు. ఆ తెల్లటి మచ్చను బొటనవేలితో తడుముతూ ఉండిపోయింది. తిడితే బాగుండు దేవుడా అనుకుంది కృపారాణి.

"చిన్నప్పుడు కంట్ల వడ్లపొట్టు వడ్డదట. ఎడమ కన్ను సగమే తెరుస్తుండె" అంది చివరికి. "చెరుపు దాన్ని."

కృపారాణి మెత్తటి రబ్బరు నలిపి, ఆ కన్నును చెరిపేసింది. భారతమ్మ కిటికీ పక్కన మంచం మీద కూర్చుంది. వెలుగులోకి ముఖం తిప్పి, తన ఎడమ కన్ను సగం మూసింది.

"గిట్లుండె. కాదు, ఇంకింత కిందికి... ఆఁ, గిట్ల. గియ్యి."

చార్‌కోల్ చేతిలోకి తీసుకుంది. రెప్ప గీత ఒకటి వేసి, కృపారాణి తలెత్తింది. ఎదురుగా భారతమ్మ సగం మూసిన రెప్ప వణుకుతోంది.

"జల్ది గియ్యి బిడ్డా. రోజూ గా ఫోటోనే జూసి ఆయన్ను యాది జేసుకుంటుంటి. ఇగ అది లేదు. నేను మర్శిపోకముందే గియ్యి."