ఈ ఇంట్లో మగవాడు లేడు

ఆ నెలలో మా నోంగ్‌క్రదోన్‌లో ముగ్గురు మగవాళ్ళు పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయారు. ముగ్గురూ గట్టి మనుషులు. ఒకడైతే ముందురోజు సాయంత్రం దాకా వడ్ల బస్తాలు మోశాడు. మూడో శవం లేచిన తెల్లారి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ప్రతి గేటుకీ ఒక ఎర్ర చొక్కా వేలాడింది, పక్కన అట్టముక్క మీద ఒకే మాట: "ఈ ఇంట్లో మగవాళ్ళు లేరు." విధవ దెయ్యం మొగుణ్ణి వెతుక్కుంటూ తిరిగేటప్పుడు మా వైపు చేసే పని అదే. అది చదువుకుని పక్కింటికి పోతుందని నమ్మకం. పక్కింటికీ అదే అట్ట వేలాడుతుంటుంది. పాపం అది ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించరు.

నా పేరు థోంగ్‌బై. తాలూకా ఆఫీసుకు ఎదురుగా నాకో టైపు కొట్టు ఉంది. ఫరంగులు, అంటే తెల్లదేశాలవాళ్ళు, మా ఆడవాళ్ళతో పెళ్ళి రిజిస్టర్ చేయించుకోవాలంటే వాళ్ళ దేశపు కాగితాలు మా భాషలోకి మార్చాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఒక్క మాట ఎక్కువ రాయను. ఆ సంగతి పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని కూడా.

మా చిన్నాన్న కూతురు ఖాంపున్ పదకొండేళ్ళుగా ప్రేబెన్ అనే డెన్మార్క్ మనిషితో కాపురం చేస్తోంది. ఓడల్లో ఇంజన్లు బాగుచేసి రిటైరయిన ముసలాయన. పెద్దలు ఇద్దరి మణికట్లకూ తెల్లదారాలు కట్టి దీవించారు, ఊరంతా భోంచేసింది. ఆఫీసులో మాత్రం ఒక్క గీత పడలేదు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడైనా వరస తప్పకుండా నన్ను "వదినా" అనేవాడు. మనిషి మంచివాడు. పెళ్ళి కాగితం మాటెత్తితే మాత్రం చెవుడు వచ్చేది.

ఆ ఏడు ఆయన గుండె మొరాయించింది. ఖోన్‌కేన్ పట్నంలో పెద్దాసుపత్రివాళ్ళు ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు, ఇంకా పది రోజులుంది. ఖాంపున్ నా కొట్టుకొచ్చి కూర్చుంది.

"అక్కా, అక్కడ ఫారం మీద 'రోగికి ఏమవుతారు' అని ఉంటుందట కదా. నేనేం చెప్పాలి? బున్‌రువన్‌కి పట్టిన గతి నాకూ పట్టిస్తావా?"

ఆ పేరు వినగానే నా చేతులు టైపు మిషన్ మీద ఆగిపోయాయి.

బున్‌రువన్ మా ఊరి చివరింటి మనిషి. బెల్జియం నుంచి వచ్చిన గాస్టన్‌తో పదిహేడేళ్ళు ఉంది. "దారాలు కట్టారుగా, ఇంకా కాగితమెందుకు?" అని నవ్వేవాడాయన. పోయిన ఏటికి ముందేడు ఆయన పట్నం ఆసుపత్రిలో పోయాడు. మాట సాయానికి నన్ను తీసుకెళ్ళింది. గుమస్తా ఫారం నా ముందుకు తోసి "ఈవిడ ఏమవుతుంది?" అన్నాడు. బున్‌రువన్ "భార్యని" అంది. గుమస్తా "కాగితం ఉందా?" అన్నాడు. లేదు. నేను కలం తీసుకుని ఉన్నది ఉన్నట్టు రాశాను: "పరిచయస్తురాలు."

తను నాలుగో తరగతి చదివింది. అక్షరం కింద అక్షరం వేలు పెట్టుకుని చదివేది. చూపు ఆనక నావైపు తిరిగి, "ఏం రాశావక్కా? చదివి పెట్టు" అంది.

"రాయాల్సిందే రాశాలే. సంతకం పెట్టు" అన్నాను.

పెట్టింది. ఆ సంతకంతో శవం మీద తనకు ఏ హక్కూ లేదని ఒప్పుకుందని తనకి తెలీదు. పదేళ్ళుగా పలకరించని ఆయన మేనకోడలెవరో బెల్జియం నుంచి ఉత్తరం పంపితే, గాస్టన్‌ని బ్యాంకాక్ తీసుకెళ్ళి దహనం చేసి బూడిద పార్సిల్ చేశారు. బున్‌రువన్ చేతికి ఆయన చెప్పులు మాత్రం ఇచ్చారు, పడవల్లాంటివి. శవాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు మావాళ్ళు ప్రతి వంతెన దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా పేరు పెట్టి పిలుస్తారు. లేకపోతే పోయిన మనిషికి దారి తెలియదు, ఎక్కడ పోయాడో అక్కడే నిలబడిపోతాడు. గాస్టన్‌ని ఎవరూ పిలవలేదు. ఏడాది తిరక్కుండా బున్‌రువన్ కూడా పోయింది. ఆ ఇల్లు తాళం వేసే ఉంది.

అందుకే ఖాంపున్ అడిగిన రోజే పని మొదలుపెట్టాను. ప్రేబెన్ పెళ్ళికి అర్హుడని వాళ్ళ రాయబార కార్యాలయం ఇచ్చిన కాగితం తెప్పించాను, మార్చాను, ముద్రలు వేయించాను. శుక్రవారం పొద్దున ముగ్గురం ఆఫీసు మెట్లెక్కుతుండగా ఆయన ఫోను మోగింది. బీరు బల్ల దగ్గరి స్నేహితుడు, సంతకం వద్దని చెప్పడానికే కాబోలు. రెండు నిమిషాలు విని, ప్రేబెన్ మూడో మెట్టు మీద నిలబడిపోయాడు.

"వచ్చే నెల చూద్దాం వదినా."

"వచ్చే నెలకి నీ గుండె మాటిచ్చిందా మరిదీ?" అన్నాను.

"మొదటి పెళ్ళాం సగం ఇల్లు పట్టుకుపోయింది. మళ్ళీ సంతకం అంటే నాకు వణుకు. ఇక్కడ నేలా, ఇల్లూ ఖాంపున్ పేరు మీదే కదా. ఇంకేం తక్కువైంది తనకి?"

ఖాంపున్ గొంతు పెంచలేదు. "ఇల్లు నువ్వే ఉంచుకో ముసలోడా. నువ్వు అక్కడ మంచం మీద పడుంటే, 'నువ్వెవరే' అని అడిగినవాడికి చెప్పడానికి నాకొక్క మాట కావాలి. ఆ ఒక్కటీ ఇవ్వు."

ఆయన మెట్లు దిగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా వాళ్ళతోనే ఇంటికెళ్ళాను, ఖాంపున్‌ని ఆ ముఖంతో వదలబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం జిగురన్నం, కాల్చిన చేప తిన్నాక ఆయనకు సరదా పుట్టింది. తన మీదున్న కోపం పోగొట్టాలనుకున్నాడు కాబోలు. నీలం రంగు డబ్బా తెచ్చి, వచ్చీరాని మా అక్షరాలతో చెక్క మీద రాసి గేటుకు తగిలించాడు: "ఈ ఇంట్లో మగవాడు లేడు." తన ఎర్ర చొక్కా కూడా వేలాడదీశాడు.

"చూడు, మీ దెయ్యానికి కూడా మర్యాద చేశాను" అన్నాడు.

"ఉన్నదే రాశావు. నీ పేరు ఈ ఇంట్లో ఎక్కడుంది గనక!" అంది ఖాంపున్.

ఆయన నవ్వు సగంలో ఆగింది. పైకెళ్ళి పడుకున్నాడు. మేమిద్దరం, గుంజల మీద లేపిన ఆ ఇంటి కింద నీడలో వెదురు బల్ల మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నాం. ఎండ తెల్లగా కాస్తోంది. పక్కింటి కుక్క అరుస్తూ అరుస్తూ ఠక్కున ఆగింది. కోళ్ళు బల్ల కిందకి దూరి కదలకుండా కూర్చున్నాయి. గాలి లేదు, గేటుకున్న ఎర్ర చొక్కా చేతులు మాత్రం ఊగుతున్నాయి.

గేటు దగ్గర ఒకావిడ నిలబడి చెక్క చదువుతోంది. అక్షరం కింద అక్షరం, వేలు పెట్టుకుని. రెండో చేతిలో మగవాళ్ళ చెప్పులు, పడవల్లాంటివి.

 చివరి అక్షరం దాకా వేలు పోనిచ్చి, మళ్ళీ మొదటికొచ్చి, ఆఖరికి నావైపు తిరిగింది.

"అక్కా, ఏం రాశారు? చదివి పెట్టు."

అదే గొంతు, అదే మాట. రాసినది రాసినట్టు చదివితే చాలు, అది పక్కింటికి పోతుంది, ప్రేబెన్ బతుకుతాడు. ఊరంతా చేస్తున్నది అదే. కానీ ఆ ముఖానికి రెండోసారి దొంగ చదువు చదవడం నా వల్ల కాలేదు.

"అబద్ధం రాసుంది చెల్లీ" అన్నాను. "ఈ ఇంట్లో మగవాడున్నాడు. ఆరోజు నేను రాసిందీ అబద్ధమే. నువ్వు పరిచయస్తురాలివి కాదు. గాస్టన్ భార్యవి."

"ఎవరితో అక్కా?" అంది ఖాంపున్, చింతకాయ చేతిలో పట్టుకుని.

బున్‌రువన్ లోపలికొచ్చింది. మా ముందునుంచే నడిచి, చెప్పులు మెట్ల దగ్గర పద్ధతిగా పెట్టి, పైకెళ్ళింది. ఒక్క మెట్టూ కిర్రుమనలేదు. నేను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. మెట్ల వైపు పరిగెడుతూ "ఖాంపున్, ఆయన్ని లేపవే!" అని కేక పెట్టాను.

మేం వెళ్ళేసరికి ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఊపిరి లేదు. ఖాంపున్ ఆయన గుండెల మీద రెండు చేతులతో బాదింది, పేరు పెట్టి తిట్టింది. చాలాసేపటికి బావిలోంచి తేలినట్టు ఒక్కసారి గాలి పీల్చాడు.

"ఒకావిడ వచ్చింది" అన్నాడు. "ముఖంలో ముఖం పెట్టి చూసింది, ఎవరినో వెతుకుతున్నట్టు. 'ఈయన కాదు' అనుకుంది. తర్వాత 'ఎవరి మనిషివి?' అనడిగింది. ఖాంపున్ మనిషిని అన్నాను. 'కాగితం ఉందా?' అంది. లేదన్నాను." ఆగాడు. "'అయితే నువ్వూ తనకి దొరకవు' అంది."

అప్పుడు అర్థమైంది నాకు. ఊరు ఊరంతా పొరబడింది. బున్‌రువన్‌కి మా మగవాళ్ళెవరూ అక్కర్లేదు. ఎవరూ ఇంటికి పిలవని ఒక్క మనిషిని వెతుక్కుంటూ, పడుకున్న ప్రతి ముఖం మీదకీ వంగి చూస్తోంది. ఆ చూపు బరువు తట్టుకోలేకే ప్రాణాలు వదిలారు ఆ ముగ్గురూ.

ఆరోజే మూడున్నరకి ఆఫీసులో ఉన్నాం. ప్రేబెన్ చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. ఒక సాక్షి నేను, రెండో సాక్షి ఎదురు కొట్టు కాఫీ అమ్మే ఆవిడ. పావుగంటలో అయిపోయింది. పదకొండేళ్ళు వాయిదా వేసిన పని! బయటికొచ్చాక ఆయన కాగితం రెండు చేతులా పట్టుకుని, "ఇంతేనా వదినా?" అన్నాడు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కాగితం గుండెను బాగుచేయదు. ఆపరేషన్ అయిన మూడో రోజు ప్రేబెన్ పోయాడు. ఆ మూడు రోజులూ ఖాంపున్ మంచం పక్కనే ఉంది, చెయ్యి పట్టుకుని, మధ్య మధ్య తిడుతూ. ఎవరూ బయటికి పొమ్మనలేదు. తర్వాత గుమస్తా ఫారం తోసి "ఏమవుతారమ్మా?" అనడిగాడు.

"భార్యని" అంది. కాగితం బల్ల మీద పెట్టింది. కలం నా చేతిలోకి రానివ్వలేదు, తనే రాసుకుంది.

సాయంత్రం బండిలో తెచ్చాం. పెట్టె పక్కన ఖాంపున్, ఎదురుగా నేను. మొదటి వంతెన రాగానే తను పెట్టె మీద చెయ్యేసి గట్టిగా పిలిచింది.

"ప్రేబెన్! వంతెన దాటుతున్నాం. నాతో రా. ఇంటికి పోదాం."

పిలుపు ముగిసిన వెంటనే, బండి వెనకనుంచి, కొంత దూరంలో ఇంకో గొంతు.

"గాస్టన్! వంతెన..."

తర్వాత మాట అందక ఆగిపోయింది. ఖాంపున్ నావైపు చూసింది. ఈసారి తనకీ వినిపించింది. డ్రైవర్ అద్దంలో చూసుకుని వేగం తగ్గించాడు.

రెండో వంతెన దగ్గరా అంతే. ఖాంపున్ గొంతు పూర్తిగా పలికేది, వెనకది సగంలో తెగేది. పిలిచే హక్కు లేదని ఒప్పుకుంటూ సంతకం పెట్టిన గొంతు అది. ఆ సంతకం పెట్టించింది నేను.

మూడో వంతెన మీద ఇక పట్టలేకపోయాను. బండి తలుపు పట్టుకుని లేచి నిలబడి, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను. "గాస్టన్! నీ భార్య పిలుస్తోంది. బున్‌రువన్, నీ భార్య! వంతెన దాటుతున్నాం, రావయ్యా!"

వెనకనుంచి అదే మాట నా వెంటే వచ్చింది. ఈసారి తెగలేదు.

ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ముగ్గురం పిలిచాం. ఊళ్ళోకొచ్చేసరికి ఎర్ర చొక్కాల మధ్య జనం నిలబడి ఉన్నారు. ఎన్ని గొంతులు విన్నారో నేనడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ప్రేబెన్‌ని ఇంట్లోకి చేర్చాక, ఖాంపున్ ఇంటి మెట్ల దగ్గరే ఉండిపోయిన గాస్టన్ పెద్ద చెప్పులు తీసుకుని ఊరి చివరికి నడిచాను. తాళం వేసిన ఇంటి మెట్ల మీద వాటిని పెట్టాను.

పక్కన అప్పటికే ఒక జత ఆడవాళ్ళ చెప్పులున్నాయి, తడి మట్టితో.