అవునన్న పాపానికి

వృద్ధుల వార్డులో ఒక ముసలావిడ మంచం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. పడకుండా ఎత్తి ఉంచాల్సిన మంచం పక్క కమ్మీ దించి ఉందట. దించినవాళ్ల ఉద్యోగం ఊడుతుందని పొద్దున్నే అందరికీ తెలిసిపోయింది. ఆ సమయానికి డ్యూటీలో ఉన్నది ఇద్దరే: ఆయా, ఆమె మొగుడి అక్క అయిన నర్సు. ఆయాకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆ వదినే. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనప్పుడల్లా ఆ సంగతి గుర్తుచేసేదీ ఆవిడే.

మేనేజరుకు తెలుగు రాదు, ఆయాకు ఇంగ్లీషు రాదు. ఇటు మాట అటు చెప్పడానికి వదిన మధ్యలో కూర్చుంది. పక్కన అయినవాళ్లున్నారని ఆయాకు కొండంత ధైర్యం.

"కమ్మీ ఎత్తావా?" అడిగింది వదిన.

"ఎత్తాను వదినా. గడియ పడిందో లేదో లాగి కూడా చూశాను."

వదిన అది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఎత్తకుండా దించే వదిలేసిందేమో అడగమన్నాడు మేనేజరు. వదిన ఆ ప్రశ్నను కాస్త వంచింది.

"దించి వదిలెయ్యలేదు కదా నువ్వు?"

"అవును, వదల్లేదు."

"యెస్," అంది వదిన మేనేజరుతో. అవునన్న ముక్క అప్పజెప్పి, వదల్లేదన్న ముక్క మింగేసింది.

ఆయాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో యెస్ ఒకటి. యెస్ అంటే అవును. తనన్నదీ అదే. అందుకని ఆ వెర్రిబాగులది మేనేజరు వైపు తిరిగి, తలాడిస్తూ "యెస్ సార్, యెస్" అని తన మెడకు తనే ఉరి బిగించుకుంది.

మేనేజరు కలం కింద పెట్టి, "కాంట్రడిక్షన్" అన్నాడు. అంత పొడుగు మాట తన గురించే కాబట్టి మంచిదే అయ్యుంటుందనుకుని ఆయా నవ్వింది. ఆ నవ్వు చూసి మేనేజరుకు ఒళ్లు మండింది.

నడవాలో వదిన చెయ్యి చాపి, "ఆప్రాను ఇప్పి ఇచ్చెయ్" అంది.

"ఎందుకు? ఆయనన్న మాటకు అర్థమేంటి వదినా?"

"ఒకే నోటితో రెండు మాటలు చెప్పడం."

"నేను ఒక్కటే చెప్పానుగా!"

"నువ్వు ఒక్కటే చెప్పావు. రెండోది నేను చెప్పాను." వదిన ఆప్రాను ముడి తనే విప్పింది. "దుప్పటి మార్చేటప్పుడు కమ్మీ దించింది నేనే. ఎత్తడం మర్చిపోయాను. నా ఉద్యోగం పోతే ఇల్లంతా వీధిన పడుతుంది. నీది పోతే నువ్వు వంటింట్లో పడతావు. అంతేగా?"

ఆయా ఇంటికి వెళ్లి, వదిన ఎదుటే జరిగిందంతా మొగుడితో చెప్పేసింది.

వదిన కుర్చీలో వెనక్కి వాలింది. "మేనేజరు ముందు కూడా ఇంతేరా తమ్ముడూ. పూటకో మాట. దానికో ఇంగ్లీషు పేరు కూడా పెట్టాడాయన."

మొగుడు పెళ్లాం వైపు తిరిగాడు. మనిషి చెడ్డవాడు కాడు, అక్క మాట జవదాటడు, అంతే. "నా మొహం చూసి చెప్పు. మా అక్క మీద అబద్ధం చెప్పడం లేదు కదా నువ్వు?"

అవును అనబోయింది. పొద్దున కూడా ఇలాగే అడిగారు, ఇలాగే అంది. లేదు అందామా అనుకుంది. ఏది అన్నా వదిన నోట్లో ఏమవుతుందో తెలియక తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"చూశావా?" అంది వదిన. "అడిగితే జవాబు లేదు."

"సర్లే, అన్నం పెట్టు," అన్నాడు మొగుడు. "ముందు అక్కకు వడ్డించు."

ఆమె వడ్డించింది.