నలభై ఒకటో నంబరు సభ్యురాలు

యాభై ఏళ్ల నాటి పాల పుస్తకం మూడోసారి చదివేసరికి మహిళా మండలి కార్యదర్శికి కళ్లు తిరిగాయి.

ఒకే మనిషి. ఒకే ఏడాది. పదకొండు కాన్పులు!

జనవరి తొమ్మిదిన ఆడపిల్ల. అదే నెల ముప్ఫైన మగపిల్లాడు. మార్చిలో మళ్లీ ఆడపిల్ల. అప్పట్లో సాగుదారుల సంఘంలో సభ్యుల ఇంట బిడ్డ పుడితే నెల రోజులు పాలు ఉచితం. ఈవిడ ఏడాది పొడుగునా పాలు తీసుకుంటూనే ఉంది. తీసుకుంటూనే రోజూ నారుమళ్లకు నీళ్లూ పెట్టింది.

గడియారం రెండు కొట్టింది. నాలుగింటికి సంఘం సమావేశం. ఆఫీసు వెనకున్న నారుమళ్లు పూడ్చి గోడౌన్ కట్టాలని తీర్మానం. యాభై ఏళ్ల కిందట అక్కడ కనీసం పదిమంది ఆడవాళ్లు పనిచేశారని రుజువు చూపిస్తే స్థలం మహిళా మండలికే వదిలేస్తామన్నాడు అధ్యక్షుడు. పాత పుస్తకాలున్న బీరువా తాళం కూడా ఇచ్చాడు. రుజువు దొరకదని అంత ధీమా. నిజంగానే పని రిజిస్టరు నిండా ఒక్క ఆడపేరే ఉంది. నలభై ఒకటో నంబరు, బడి పంతులమ్మ. పాల పుస్తకంలో కాన్పులన్నీ ఆవిడ పేరు మీదే.

పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని విత్తనాలు ఏరుతోంది.

"అత్తయ్యా, ఈ పంతులమ్మ మనిషేనా?"

"అయ్యో, బంగారంలాంటి మనిషి. రెండో ఏడే బదిలీ అయి వెళ్లిపోయింది."

"వెళ్లిపోతే రిజిస్టరు ప్రకారం తొమ్మిదేళ్లు పనిచేసిందెవరు? ఇంతమందిని కన్నదెవరు?"

ముసలావిడ చేట పక్కన పెట్టింది. "మేమే. సంఘంలో ఒక్క ఆడదానికే చోటన్నారు. ఆవిడ పోతూ పోతూ కార్డు మా చేతిలో పెట్టింది. ముప్ఫైమందిమి. రోజుకొకళ్లం వెళ్లేవాళ్లం."

"గుమాస్తా కనిపెట్టలేదా?"

"తలెత్తితేగా! ఆడమనిషి వచ్చిందా, కార్డు ఉందా, అంతే."

"ఇన్నేళ్లూ నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"నువ్వు అడిగావా?"

కోడలికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

సమావేశంలో ఆమె కాన్పులు వరసగా చదువుతుంటే మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆరోదానికి నవ్వులు మొదలయ్యాయి. పదకొండోది చదివి, ఇవన్నీ ఒకే కార్డు పంచుకున్న ముప్ఫైమంది ఆడవాళ్ల కాన్పులని చెప్పింది. ఎరువుల కొట్టాయన లేచాడు.

"ఒక్కొక్కావిడే రెండేసి సార్లు కని ఉండొచ్చుగా? అప్పుడు పదిమంది ఎక్కడ?"

"ఏడాదిలో రెండుసార్లా? నువ్వు ఒక్కసారి కని చూపించు నాయనా, ఒప్పుకుంటాను," అంది అత్తగారు.

అధ్యక్షుడు బల్ల చరిచాడు. "పాలు తాగినంత మాత్రాన మట్టి పట్టినట్టా? ఆడవాళ్లు ఇక్కడ పనిచేసినట్టు నేనెప్పుడూ వినలేదు. మా అమ్మయితే గడప దాటి ఎరగదు!"

"నువ్వు దర్జీ గారబ్బాయివి కదూ?" అంది ముసలావిడ. "నవంబరు ఇరవై రెండు చూడు బాబూ."

అధ్యక్షుడు పుస్తకం లాక్కున్నాడు. నవంబరు ఇరవై రెండు, మగపిల్లాడు. అతను పుట్టిందీ ఆ ఏడాది ఆ రోజే. వాళ్ల నాన్న ఏనాడూ సంఘంలో లేడు. మరి ఆ పాలు?

"మా అమ్మ... ఇక్కడికి వచ్చేదా?"

"నెలకో బుధవారం తన వంతు. నువ్వు కడుపులో ఉన్నప్పుడూ మానలేదు. మీ నాన్నకి గుడ్డ కొనడానికి వెళ్తున్నానని చెప్పేది."

తీర్మానానికి చేతులెత్తాలో వద్దో తెలియక సభ్యులు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. గెలిచామో ఓడామో కార్యదర్శికీ అంతు చిక్కలేదు.

"పదకొండు కాన్పులంటే పదకొండుమంది. తీర్మానం కొట్టెయ్యండి. స్థలం మండలిదే," అన్నాడు అధ్యక్షుడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు చుట్టూ చూశాడు. తర్వాత ముసలావిడ పక్కకొచ్చి కూర్చుని గొంతు తగ్గించాడు.

"అమ్మకి పని వచ్చా అసలు?"

"ఎక్కడొచ్చు! మొదటి బుధవారం కలుపనుకుని వంగనారంతా పీకి పారేసింది. ముప్ఫైమందిమీ తిట్టాం."

"తర్వాత?"

"తర్వాత నారు సరిగ్గా పెట్టట్లేదని మమ్మల్ని తిట్టేది."

అతను నవ్వబోయాడు. మధ్యలోనే ఆపి, పాల పుస్తకంలో నవంబరు పేజీ మళ్లీ తీశాడు.