తాపీ ఒడ్డున తెల్లపూలు

2006 వరద సూరత్‌ను ముంచి పోయాక భూదేవికి విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. పోపు మాడినా, తలలో మల్లెలు తురుముకున్నా ఆమెకు ఒకటే.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందు, భర్త రఘుపతి పనిచేసే మరమగ్గాల కార్ఖానాకు సెలవొచ్చిన రోజు, ఇద్దరూ సాయంత్రం పూట తాపీ నది ఒడ్డుకు నడిచారు. వరద తెచ్చిపోసిన ఒండ్రు మీద, మసక వెలుతురులో ఏవో తెల్లగా తేలుతున్నట్టు కనిపించాయి. దగ్గరికి వెళితే పూలు! పొడుగాటి ఆకుల మధ్య నుంచి లేచిన కాడలు. సన్నని తెల్లరేకులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. నడుమ ఎర్రటి పోగులు.

రఘుపతి ఒక మొక్కను కుదిపి లాగాడు. కింద గడ్డ.

"ఏందే, ఉల్లిగడ్డ లెక్కనే ఉన్నది. కూరల ఎయ్యరాదు?"

"ఆగయ్యా. ఆకు నలిపి వాసన జూడు."

అతను నలిపి చూశాడు. "ఉల్లి వాసన లేదు. ఉత్త పసరు."

"గట్లయితే తినేది గాదు, వాంతులైతయ్. మా అమ్మగారింటి కాడ గోదారి ఒడ్డుకు గిసొంటిదే పూసేది. కేసరిచెట్టు అనేటోళ్లు. ఇది గదేనో కాదో... పువ్వు వాసన ఎట్లున్నదో జెప్పు, ఎరుక పడతా."

పగలంతా మగ్గాల మోతలో చేసైగలతోనే గడిపే మనిషి. ఇంట్లోనూ మాట తక్కువే. పువ్వు మీదికి వంగి కళ్లు మూసుకున్నాడు. గట్టిగా వాసన పీల్చి అన్నాడు:

"తియ్యగున్నది."

"మల్లె లెక్కనా?"

"కాదు. మల్లె మీదికొస్తది. ఇది జర దూరం నిలవడ్డది. పక్కింట్ల పాలు కాగుతున్నట్టు... తడిమట్టి మీదికెల్లి గాలొచ్చినట్టు... తానం బోసిన పసిపిల్ల నెత్తి లెక్క."

భూదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. "గదే. కేసరే ఇది."

అతను గడ్డను మళ్లీ గుంతలో పెట్టి, చుట్టూ ఒండ్రు అదిమి, దోసిలితో నీళ్లు పోశాడు. చీకటి పడేకొద్దీ ఒడ్డు పొడుగునా పూలు విచ్చుకున్నాయి. ఒక్క క్షణం ఏదో తీపి తన ముక్కును తాకినట్టనిపించింది భూదేవికి. పువ్వు వాసనో, అతని మాటలో తేల్చుకోలేకపోయింది.

"ఇంకో పువ్వు కాడికి పో" అంది. "అది ఎట్లున్నదో జెప్పు."

రఘుపతి నవ్వి, పక్క కాడ మీదికి వంగాడు.