విగ్రహంలో కూర్చున్న తల్లి

పొద్దున్నే వంటింటి తలుపుకి భర్త ఒక చీటీ అంటించి వెళ్తాడు. చొక్కాలు ఇస్త్రీ. అమ్మకి కళ్లలో మందు చుక్కలు. గ్యాస్‌కి ఫోన్. చివరి మాట కింద రెండు అడ్డగీతలు, కాగితం చిరిగేంత గట్టిగా. "నీకు మతిమరుపు కదా, అందుకని" అంటాడు, అదేదో ముద్దు చేస్తున్నట్టు. ఆమెకి మతిమరుపేమీ లేదు. పదహారేళ్లుగా ఆ చీటీలో ఉన్నవీ లేనివీ అన్నీ చేసి, రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్తోంది.

ఆఫీసంటే పాత సామాన్ల గది. ఆర్నెల్ల కిందట దాని తలుపు మీద "జాతీయ స్మారకం - ప్రజాభిప్రాయ విభాగం" అని బోర్డు కొట్టారు. యుద్ధంలో పోయిన సైనికులకి కట్టబోయే స్మారకం నమూనాని పేపర్లో వేసి, మీరేమంటారని ప్రజల్ని అడిగారు. ప్రజలు ఊరుకుంటారా? రోజుకి రెండు సంచుల ఉత్తరాలు. తుపాకీ తప్పు భుజం మీద ఉందని ఒక రిటైర్డు మాస్టారు స్కేలుతో కొలిచి మరీ రాశాడు. బళ్లు ఎక్కడ పెట్టుకోవాలని ఒక షాపతను అడిగాడు. ఆమె కవరు చింపాలి, చదవాలి, నంబరు వేయాలి, రిజిస్టరులో అనుకూలం, ప్రతికూలం, ఇతరములు అనే మూడు గడుల్లో ఒకదాంట్లో ఎక్కించాలి.

"నీకేం, కుర్చీలో కూర్చుని ఉత్తరాలు చదివే ఉద్యోగం" అంటాడు భర్త. ఆయన అదే బిల్డింగులో మూడో అంతస్తులో, సమాచార శాఖలో పనిచేస్తాడు. స్మారకం పూర్తయ్యాక దానికి ఒక అధికారిని వేస్తారట. ఆ మాట ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఆమెకి ఆఫీసులోనే తెలిసింది.

నమూనాలో సైనికుడు నిటారుగా నిలబడి ఉంటాడు. కింద అతని తల్లి కూలబడి, అతని బూట్ల మీద తల ఆనించి ఉంటుంది. ఆ తల్లి గురించే ఆడవాళ్లు రాశారు. "మా అమ్మ ఎవరి కాళ్ల మీదా పడలేదు" అని ఒకామె. "నేనూ యుద్ధంలో పనిచేశాను, గాయాలకి కట్లు కట్టాను, నేనెక్కడున్నాను?" అని ఇంకొకామె. ఇలాంటివి ప్రతికూలంలో ఎక్కిస్తే సూపరింటెండెంటు పెన్సిలుతో కొట్టేసేవాడు.

"ఇవి అభిప్రాయాలు కావమ్మా, ఏడుపులు. ఇతరముల్లో పడేయండి."

ఆమెకి అనుమానం మొదలైంది అక్కడ కాదు. పొగిడే ఉత్తరాల దగ్గర. "జాతి గుండెచప్పుడు రాతిలో వినిపించింది" అనే వాక్యం ఒక ఉత్తరంలో చూసి బాగుందే అనుకుంది. అదే వాక్యం మర్నాడు నాలుగింట్లో వచ్చింది. వారం తిరిగేసరికి ముప్ఫై ఏడు. ఊళ్లు వేరు, పేర్లు వేరు, పోస్టాఫీసు ముద్ర మాత్రం ఒకటే. అప్పట్నించీ ఆమెకి ఎవరి నవ్వూ నవ్వులా కనపడలేదు. టీ తెచ్చిన ప్యూను బల్ల వైపు చూసినా, కాగితాలు చూడ్డానికే వచ్చాడేమో అనిపించేది. తన బుర్రే చెడిపోయిందేమోనని కూడా అనుమానించుకుంది. ఎన్నేళ్లుగానో నీకు మతి లేదంటున్నారు, నిజంగానే లేదేమో.

ముప్ఫై ఎనిమిదోది, అదే వాక్యంతో, ఒక వీరమాత పేరున వచ్చింది. "నా పెద్దకొడుకు కాళ్ల దగ్గర ఈ తల్లిని చూసి నా జన్మ ధన్యమైంది." చివరి మాట కింద రెండు అడ్డగీతలు, కాగితం చిరిగేంత గట్టిగా.

కింద అత్తగారి సంతకం.

సంతకం మాత్రం నిజంగా అత్తగారిదే. బస్సులో ఆమె అదే ఆలోచించింది. ఆయన రాశాడు సరే. ఈవిడకి తెలిసే చేసిందా? తల్లీకొడుకులు కలిసే ఆడుతున్నారా? తను ఇంట్లో లేనప్పుడు ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ఆమెకేం తెలుసు!

ఇంట్లో అత్తగారు కిటికీ దగ్గర కళ్లు మూసుకుని ఉంది. భర్త ఇంకా రాలేదు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"అత్తయ్యా, స్మారకం బాగుందని మీరేమైనా ఉత్తరం రాశారా?"

"నాకు అక్షరాలు కనపడి ఏడాదైంది. నేనేం రాస్తానే?"

"సంతకం మీదే ఉంది."

ముసలావిడ కళ్లు తెరిచింది. "కంటి ఆపరేషను కాగితమని మొన్న వాడు పెట్టించుకున్నాడు." ఆ తర్వాత గొంతు మారింది. "అందులో ఏం రాశాడు?"

కోడలు సంచిలోంచి ఆ ఉత్తరం తీసి చదివి వినిపించింది. బొమ్మ ఎలా ఉంటుందో కూడా చెప్పింది. నిలబడ్డ సైనికుడు, బూట్లు, బూట్ల మీద తల.

"నేను కూర్చున్నానా?" అంది అత్తగారు. "పెద్దాడు యుద్ధంలో పోయాడన్న వార్త మిల్లుకే తెచ్చారు. నేను మగ్గం దగ్గర నిలబడి ఉన్నా. బదులు మనిషి లేదు, షిఫ్టు అయ్యాక వెళ్లమన్నాడు మేస్త్రీ. సైరన్ మోగేదాకా నిలబడే ఉన్నానే. ఇంటికొస్తే పలకరించడానికి ఇల్లంతా జనం. వాళ్లందరికీ టీ పెట్టా. గ్లాసులు కడిగా. మీ మామగారు మూడ్రోజులు మంచం దిగలేదు, ఆయనకి అన్నీ మంచం దగ్గరికే అందించా. కూలబడదామంటే ఎవరు కూర్చోనిచ్చారు?"

పదహారేళ్లలో అత్తగారు ఆమెకి ఇంత పొడుగు మాట చెప్పలేదు. కూరలో ఉప్పు గురించీ, బట్టల ఉతుకు గురించీ తప్ప ఇద్దరి మధ్యా మాటలే లేవు.

"రాసుకో" అంది అత్తగారు. "నేను చెప్పింది చెప్పినట్టు రాయి. వాడిలా అందంగా రాయకు."

మర్నాడు పొద్దున ఆమె అత్తగారు చెప్పి రాయించిన ఉత్తరానికి నంబరు వేసి ప్రతికూలంలో ఎక్కించింది. ముప్ఫై ఎనిమిదో ఉత్తరానికి ఎదురుగా, రిమార్కుల గడిలో ఇలా రాసింది: "ఇది సంతకం చేసినామె రాసింది కాదు. ఆమె చిన్నకొడుకు రాశాడు. చేతిరాత నేనెరుగుదును, అతని భార్యను." ఒకే వాక్యమున్న మిగతా ముప్ఫై ఏడింటినీ ఒక దారంతో కట్టి రిజిస్టరు మీద పెట్టింది.

సూపరింటెండెంటు అది చూశాడు. మూడో అంతస్తుకి ఫోన్ చేశాడు.

భర్త మెట్లు దిగి వచ్చి గది తలుపు మూశాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకి సులువయ్యేది.

"అన్నయ్య పేరు మొదటి పలక మీద, అందరికంటే పైన చెక్కిస్తామన్నారు" అన్నాడు. "అమ్మ కోసమే చేశాను. నువ్విప్పుడు అది పోగొట్టావు."

ఆయన కళ్లలో తడి కనపడింది. ఒక్క క్షణం, రాసింది కొట్టేద్దామా అన్నట్టు, ఆమె చెయ్యి రిజిస్టరు మీదకి వెళ్లింది. ఆ మాట నిజమే కావచ్చు. ఎదిగిన అన్నని పోగొట్టుకున్న మనిషే ఆయన కూడా.

"ఆ అధికారి పోస్టు కూడా ఇస్తామన్నారా?" అని అడిగింది.

ఆయన రిజిస్టరు ఆమె వైపు జరిపాడు.

"పేజీ చింపెయ్. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. ఎల్లుండి స్మారకం కమిటీ ముందు అమ్మ ఉత్తరం చదువుతారు. ఆవిడ వచ్చి తల ఊపితే చాలు."

"ఎల్లుండిదాకా ఎందుకండీ? కమిటీ ఇవాళా కూర్చుంది, పైన" అంది ఆమె, రిజిస్టరూ కట్టా రెండూ చేతిలోకి తీసుకుంటూ. "అత్తయ్య నాతోనే వచ్చింది."

తలుపు తీసింది. వరండాలో బెంచీ ఖాళీగా ఉంది. దాని పక్కన గోడకి చెయ్యి ఆనించి అత్తగారు నిలబడి ఉంది. లోపలి మాటలన్నీ విన్నట్టే ఉంది.

"అమ్మా, కూర్చో" అన్నాడు ఆయన కంగారుగా.

"నువ్వు కూర్చోరా" అని, అత్తగారు కోడలి భుజం పట్టుకుని మెట్ల వైపు నడిచింది.